గంటకు 8 కిలోమీటర్ల కాపురం

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మ్యాపు మీద తిన్నగా గీత గీసి కొలిచినా దగ్గరి తీరం 250 కిలోమీటర్లకు పైమాటే. అలాంటి ఊళ్లో, పాతబస్తీ దక్షిణపు కొసన, ఒక పేటకు పేటే సముద్రం దాటి వచ్చింది. చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే బార్కస్ అది. నిజాం ఫౌజులో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్ సిపాయిల వారసులు ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. ఊరంతా వాళ్లను చావుష్‌లంటుంది. మండీ తినడానికి, కాలం వచ్చినప్పుడు జామకాయలు కొనడానికి బార్కస్ వెళ్లేవాళ్లకు లోటు లేదు. వీళ్ల తాతముత్తాతలు ఆ సముద్రాన్ని ఎలా దాటారు, ఓడ మీద రోజులెలా గడిపారు అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఇదే హైదరాబాద్ నుంచి ఈ కాలంలోనూ ఒకరు తెరచాప కింద మహాసముద్రాలు దాటారు. నౌకాదళ అధికారిణి బొడ్డపాటి ఐశ్వర్య. 2017 సెప్టెంబర్ 10న గోవాలో ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల పడవ ఎక్కిన ఆరుగురు మహిళల్లో ఆమె ఒకరు. విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి ఇంకొకరు. వర్తికా జోషి సారథి కాగా ప్రతిభా జమ్వాల్, ఎస్. విజయాదేవి, పాయల్ గుప్తా మిగిలిన ముగ్గురు. నావికా సాగర్ పరిక్రమ పేరుతో సాగిన ఆ యాత్రలో వాళ్లు భూగోళం చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరారు.

ఈ రెండు ప్రయాణాలకూ నడుమ తరాల ఎడం ఉంది. అయినా నడిసంద్రంలో తెరచాప మీద గడిచే రోజు రెండింట్లోనూ ఒక్క సూత్రానికే కట్టుబడి ఉంటుంది: గాలి ఎంత ఇస్తే అంతలోనే సరిపెట్టుకోవాలి. వేగం, నీళ్లు, తిండి, నిద్ర, అన్నీ లెక్క ప్రకారం నడవాలి. సాహసం అని మనం మెచ్చుకునేదాని వెనక ఉన్నది రోజూ తప్పకుండా పాటించే ఈ పొదుపే. ఆ అంకెలు ఒక్కొక్కటే చూద్దాం.

21,600 మైళ్లు, 199 రోజులు

సముద్రం మీద దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు పోతే ఆ వేగం ఒక నాట్. భూమి చుట్టుకొలతను 360 డిగ్రీలుగా, ఒక్కో డిగ్రీని 60 నిమిషాలుగా విభజిస్తే వచ్చే నిమిషమే ఈ నాటికల్ మైలుకు మూలం. 360ని 60తో గుణిస్తే 21,600. తారిణి తిరిగిన దూరంగా నౌకాదళం చెప్పిన అంకె కూడా ఇదే. కిలోమీటర్లలో దాదాపు 40,000.

యాత్ర మొత్తం 254 రోజులు. అందులో 199 రోజులు నీటి మీద, మిగిలిన 55 రోజులు రేవుల్లో. ఇప్పుడు భాగించి చూడండి. రోజుకు సుమారు 108 నాటికల్ మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు. గంటకు 4.5 నాట్స్. మన లెక్కలో గంటకు 8 కిలోమీటర్ల పైచిలుకు.

ఇది సగటు మాత్రమే. గాలి పడిపోయిన రోజు పడవ ఉన్నచోటే ఊగుతుంది, గాలి వాటంగా ఉన్న రోజు ఇంతకు రెండింతలు పోతుంది. రేపు ఎక్కడుంటామో కచ్చితంగా చెప్పలేం. కాబట్టి తిండీ నీళ్లూ సగటు రోజులకు కాకుండా, గాలి మొహం చాటేసే రోజులకు కూడా సరిపడేలా సర్దుకోవాలి. మిగతా లెక్కలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

1,400 మైళ్లు, మూడు వేళ్లు

హద్రమౌత్‌కు పెద్ద రేవులు రెండు: ముకల్లా, షిహ్ర్. ముకల్లా నుంచి బొంబాయికి తిన్నగా సుమారు 1,400 నాటికల్ మైళ్లు. సరుకుతో, జనంతో నిండిన తెరచాప ఓడ సగటున 4 నాట్స్ వేగంతో వస్తే 15 రోజులు పడుతుంది. 3 నాట్సే అయితే 20 రోజులు. బొంబాయిలో దిగాక హైదరాబాద్‌కు నేల దారి ఎటూ ఉంటుంది.

ఎప్పుడు బయలుదేరాలో మనిషి నిర్ణయించేది కాదు. నవంబర్ నుంచి మార్చి దాకా అరేబియా సముద్రంలో ఈశాన్యపు గాలి వీస్తుంది. ఇండియా నుంచి అరేబియా పోయే ఓడలకు అది వాటం, ఇటు వచ్చేవాటికి ఎదురు. జూన్‌లో నైరుతి మొదలవుతుంది. దిశ అనుకూలమే కానీ జూన్, జూలై నెలల్లో ఆ గాలి ఉగ్రరూపంలో ఉంటుంది. పడమటి తీరంలో చిన్న రేవులు మూతపడేవి. అందుకని ఇండియాకు వచ్చే ఓడలు నైరుతి ముదరకముందో, లేదంటే దాని జోరు తగ్గాక ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో బయలుదేరేవి. ఏడాదిలో ఉండేవి ఆ రెండు చిన్న కిటికీలే. ఓడ అందకపోతే నెలల తరబడి ఎదురుచూపే.

దారి తెలిసేదెలా? అరబ్ నావికులు ధ్రువనక్షత్రం దిగంతానికి ఎంత ఎత్తున ఉందో వేళ్లతో కొలిచేవారు. వాళ్ల లెక్కలో ఆకాశపు పూర్తి వృత్తం 224 వేళ్లు, అంటే ఒక వేలు దాదాపు 1.6 డిగ్రీలు. ఇందుకు వాడే పరికరం కమాల్: చిన్న చెక్క పలక, దాని మధ్యలోంచి ముడులు వేసిన తాడు. తాడు కొసను పళ్లతో పట్టి, పలకను ముందుకు చాచి, కింది అంచు దిగంతాన్ని, పై అంచు నక్షత్రాన్ని తాకేలా పట్టుకుంటారు. ఏ ముడి దగ్గర సరిపోయిందో అదే ఓడ ఉన్న అక్షాంశం. ముకల్లా నుంచి బొంబాయి 4.4 డిగ్రీలు ఉత్తరం. ధ్రువనక్షత్రం మూడు వేళ్ల కంటే కాస్త తక్కువగా పైకి లేస్తే బొంబాయి ఎదురుగా ఉన్నట్టు. అంత పెద్ద సముద్రానికి నాఖుదా, అంటే ఓడ సారథి, చేతిలో ఉన్న కొలత అంతే.

దూరానికి కూడా వాళ్లకు ఒక కొలత ఉండేది, జామ్. మూడు గంటల్లో ఓడ సాగే దూరం. రోజుకు ఎనిమిది. మన పెద్దలు రోజును పంచిన ఎనిమిది జాములూ మూడేసి గంటలే.

6 మంది, 24 గంటలు

పడవ రాత్రిపూట ఆగదు. నడిసంద్రంలో లంగరు వేయడానికి అడుగు అందదు. కాబట్టి 24 గంటలూ ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. తెరచాపల తీరు, చుక్కాని, గాలి దిశ, చుట్టుపక్కల ఓడలు, అన్నీ కనిపెట్టి చూసేది వాళ్లే.

ఆరుగురిని ఇద్దరిద్దరి చొప్పున మూడు జట్లు చేసి, జట్టుకు నాలుగేసి గంటలు పంచితే ఒక్కొక్కరికీ రోజుకు 8 గంటల కాపలా వస్తుంది. మిగిలిన 16 గంటలూ విశ్రాంతి అనుకుంటే పొరపాటే. వంట, గిన్నెలు, శుభ్రం, ఇంజిన్, బ్యాటరీలు, చిరిగిన తెరచాపకు కుట్టు, తెగిన తాడుకు ముడి, అన్నీ అందులోంచే పోవాలి. నిద్ర ఒకే విడతలో దొరకదు. పగలు కాస్త, రాత్రి కాస్త. పడవ ఒక పక్కకు ఒరిగి సాగుతుంది కనుక పడుకున్న మనిషి దొర్లి పడకుండా మంచం పక్కన గట్టి గుడ్డ కట్టుకుంటారు. ఇదంతా వాతావరణం మామూలుగా ఉన్నప్పటి సంగతి. గాలి ముదిరితే నిద్రలో ఉన్నవాళ్లనూ లేపాల్సిందే.

నావికా సాగర్ పరిక్రమ రెండో విడత 2024 అక్టోబర్ 2 నుంచి 2025 మే 29 దాకా జరిగింది. అదే తారిణి మీద దిల్నా కె., రూపా ఎ. ఇద్దరే వెళ్లారు. ఇద్దరే అయినప్పుడు భాగహారం మరీ కఠినం. మనిషికి 12 గంటల కాపలా. ఒకరు పడుకుంటే రెండోవాళ్లు ఒంటరిగా మేలుకోవాలి. దాదాపు ఎనిమిది నెలలు అలా గడిపారు.

కాపలా ఎందుకంత ముఖ్యమో చెప్పే అంకె ఒకటుంది. పడవ మీద నిలబడిన మనిషి కన్ను నీటికి రెండున్నర మీటర్ల ఎత్తున ఉంటే దిగంతం 5.6 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సరుకుల ఓడ ఒకటి 20 నాట్స్ వేగంతో ఎదురొస్తే, మన వేగం కూడా కలిపి ఆ దూరం ఎనిమిది నిమిషాల లోపే కరిగిపోతుంది. పెద్ద ఓడ పైభాగం ఇంకా దూరం నుంచే కనిపించే మాట నిజమే కానీ, వాన తెర అడ్డుపడితే ఆ వెసులుబాటు ఉండదు. ఒక్క పావుగంట కునుకు చాలు, కథ మారిపోవడానికి.

774 లీటర్లు

గోవా నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌కు తారిణి 43 రోజుల్లో చేరింది. తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు పెట్టుకుందాం. ఆరుగురికి 43 రోజులకు 774 లీటర్లు.

ఈ అంకె బరువు తెలియాలంటే మన ఇంటి కుళాయి వైపు చూడాలి. హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఒక్కో ఇంటికి నెలకు 20,000 లీటర్ల మంచినీళ్లు ఉచితం. రోజుకు 660 లీటర్ల పైమాట. అంటే ఈ ఊళ్లో ఒక ఇంటికి ఒక రోజున్నరలోపు అయ్యే కోటాతో ఆరుగురు 43 రోజులు దాహం తీర్చుకుని, వండుకుని తినాలి. ట్యాంకర్ కోసం బిందెలు వరుసగా పెట్టి నిలబడిన పాతబస్తీ ఇల్లాలికి ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అందుకే పడవ మీద మంచినీళ్లు ఒంటికి పోసుకునేవి కావు. స్నానం ఉప్పునీళ్లతో, ఆ తర్వాత తడిగుడ్డతో తుడుచుకోవడం. గిన్నెలు కూడా మొదట సముద్రపు నీళ్లతోనే తోముతారు. మరుగుదొడ్డిలోకి చేతిపంపుతో తోడేదీ ఆ నీళ్లే. బట్టల మీద ఎండిన ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుని ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఒరుసుకున్న చోటల్లా పుండ్లు పడతాయి. ఈ కాలపు పడవల్లో ఉప్పునీటిని వడపోసి మంచినీళ్లు చేసే ఆర్‌ఓ యంత్రాలుంటాయి. అవి కరెంటుతో నడవాలి, చెడిపోకుండా ఉండాలి. వాన పడితే పెద్ద తెరచాప అడుగున బకెట్ పెడతారు. మొదటి నీళ్లు తెరచాప మీది ఉప్పును కడుగుతాయి కనుక వాటిని పారబోసి, తర్వాత వచ్చేవి పట్టుకుంటారు.

హద్రమౌత్ ఓడల్లో ఆర్‌ఓ ఊసే లేదు. చెక్క తొట్టెలో నింపుకున్న నీళ్లే ఆధారం. మన 3 లీటర్ల లెక్కనే పట్టుకుంటే, వందమంది 20 రోజులకు 6,000 లీటర్లు. ఆరు టన్నుల బరువు. ఆ మేరకు సరుకుకు చోటు తగ్గుతుంది. ఓడ యజమానికి సరుకే రాబడి కనుక నీళ్ల కొలత ఎంత బిగువుగా ఉండేదో ఊహించుకోవచ్చు.

43 రోజుల వంట

కూరగాయలకు సముద్రం మీద ఒక క్రమం ఉంది. ఆకుకూరలు మొదటి వారంలోనే అయిపోవాలి. తర్వాత టమాటాలు, క్యాబేజీ. ఉల్లి, బంగాళాదుంప, నిమ్మకాయలు వారాల తరబడి ఉంటాయి. కడపటి రోజుల్లో బియ్యం, పప్పు, ఎండబెట్టి డబ్బాకెక్కించిన పదార్థాలే దిక్కు. పొయ్యి కదలకుండా బిగించి ఉండదు. పడవ ఒరిగినా పొయ్యి మట్టంగా ఉండేలా ఇరుపక్కలా ఇరుసుల మీద వేలాడుతుంది. మూత బిగిసి ఉండే ప్రెషర్ కుక్కర్ ఇక్కడ బాగా పనికొచ్చే వస్తువు. అల పడవను ఎత్తి కుదేసినా ఉడుకుతున్న పప్పు వంటమనిషి మీద పడదు.

నిమ్మకాయ వెనక పెద్ద చరిత్రే ఉంది. తాజా కాయగూరలు లేకుండా ఒకటి నుంచి మూడు నెలలు గడిస్తే చిగుళ్లు వాచి, పాత గాయాలు తిరగబెట్టే స్కర్వీ జబ్బు మొదలవుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు 12 మంది రోగులను రెండేసి మంది చొప్పున విడదీసి రకరకాల మందులిచ్చాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. తారిణి లాంటి పడవ 40 రోజులు రేవు ముట్టకుండా పోతుంది కనుక ఈ జాగ్రత్త తప్పదు. ముకల్లా నుంచి బొంబాయికి రెండు మూడు వారాలే కాబట్టి బార్కస్ పెద్దలకు స్కర్వీ భయం లేదు. వాళ్ల కొరత నీళ్లది, చోటుది.

ఆ ఓడల మీద రోజు ఎలా గడిచేదో కళ్లకు కట్టినట్టు రాసినవాడు ఆలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియన్ నావికుడు. 1938 డిసెంబర్‌లో ఏడెన్ దగ్గర కువైట్ ఓడ ఒకటి ఎక్కి, నాఖుదా అలీ బిన్ నాసర్ అల్ నజ్దీతో కలిసి తూర్పు ఆఫ్రికా వెళ్లి, మరుసటి ఏడాది కువైట్ చేరాడు. దారిలో ఆ ఓడ షిహ్ర్ రేవులో ప్రయాణికులను ఎక్కించుకుంది. వాళ్లు పోయింది ఆఫ్రికాకే అయినా బయలుదేరింది హద్రమౌత్ నుంచే. ఓడ పైతట్టు మీదనే జనం పడక, వంట, నమాజు. ఇసుక పరిచిన పెట్టెలో కట్టెల మంట, దాని మీద అన్నం. దొరికిన రోజు చేపలు. స్త్రీలకు అడుగున ఇరుకు గది. పెద్ద తెరచాప దూలాన్ని పైకి లాగేటప్పుడు కళాసులంతా ఒక్క గొంతుతో పాడేవారు. 1940లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘సన్స్ ఆఫ్ సిందబాద్’.

నమాజుకు గడియారం అవసరం లేదు, సూర్యుడు చాలు. ముకల్లా కంటే బొంబాయిలో మధ్యాహ్నం 95 నిమిషాలు ముందొస్తుంది. 15 రోజుల ప్రయాణంలో వేళలు రోజుకు ఆరేసి నిమిషాలు జరుగుతూ వచ్చేవి. నమాజులో మొహం తిప్పాల్సిన మక్కా దిశ ఖిబ్లా. బయలుదేరిన చోట వాయవ్యంగా ఉన్న అది, బొంబాయి చేరేసరికి దాదాపు పడమరకు తిరిగేది.

60 నాట్స్, 139 మీటర్లు

న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ నుంచి ఫాక్లండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీకి తారిణి దాదాపు 40 రోజులు ప్రయాణించింది. 2018 జనవరి 19న, దక్షిణంగా 56వ డిగ్రీ దగ్గరున్న కేప్ హార్న్ దాటింది. ఈ పసిఫిక్ దారిలోనే గాలి 60 నాట్స్ దాకా, అంటే గంటకు 110 కిలోమీటర్ల దాకా చేరింది. అలలు ఏడు మీటర్ల ఎత్తు లేచాయి. రెండంతస్తుల మేడ ఎత్తున్న నీటి గోడలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే తెరచాపలు తగ్గించడానికి పడవ ముందుభాగానికి ఎవరో ఒకరు పోవాల్సిందే.

అలా పోయేవాళ్లు నడుముకు కట్టిన పట్టీని పడవకు తగిలించుకుంటారు. 4.5 నాట్స్ అంటే సెకనుకు 2.3 మీటర్లు. ఒకరు నీళ్లలో పడ్డారని తెలిసి, తెరచాప దించి, పడవ తిప్పేలోగా ఒక్క నిమిషం పోయినా మనిషికీ పడవకూ మధ్య 139 మీటర్లు. అలల నడుమ అంత దూరంలో మనిషి తల కనిపించదు. కాబట్టి చీకటి పడినా, గాలి పెరిగినా ఆ పట్టీ లేకుండా పైకి రాకూడదన్నది నియమం.

యంత్రాలూ అలసిపోతాయి. చుక్కాని వ్యవస్థలో లోపం వచ్చి తారిణి 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో అనుకోకుండా ఆగవలసి వచ్చింది. బాగు చేసుకుని, మరుసటి నెలలో గోవా చేరింది. ఆపదను ముందే పసిగట్టి ఆగడం కూడా లెక్కలో భాగమే.

తూర్పుకు పోతూ భూమిని చుట్టేవాళ్లకు రోజు కాస్త కురచవుతుంది. 24 గంటలను 199 రోజులకు పంచితే సగటున రోజుకు ఏడు నిమిషాలు. ఆ నిమిషాలన్నీ కూడితే సరిగ్గా ఒక రోజు. ఆ ఆరుగురూ గోవాలో ఉన్నవాళ్ల కంటే ఒక సూర్యోదయం ఎక్కువ చూసి వచ్చారు.

లెక్క రాయని ప్రయాణాలు

తారిణి ఏ రోజు ఎక్కడుందో, గాలి ఎంతుందో లాగ్‌బుక్ చెబుతుంది. పడవ ఉన్న చోటు, దిశ, గాలి వేగం, గాలి ఒత్తిడి అందులో వేళ ప్రకారం నమోదవుతాయి. ఆ లెక్క ఉంది కాబట్టే మనం ఇన్ని అంకెలు చెప్పుకోగలిగాం.

బార్కస్ పెద్దల ప్రయాణాలకు అలాంటి పుస్తకం మనకు మిగల్లేదు. పెద్ద పేర్లు చరిత్రకెక్కాయి. నిజాం సైన్యంలో జమాదారుగా చేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ కుటుంబం ఇక్కడి సంపాదనతో హద్రమౌత్‌లో రాజ్యమే స్థాపించింది. 1867లో షిహ్ర్‌ను, 1881లో ముకల్లాను గెలుచుకుంది. ఆ రాజ్యం 1967 దాకా నిలిచింది. రెండు రేవులూ హైదరాబాద్ డబ్బుతో ఒక హైదరాబాదీ జమాదారు వంశం చేతికి వచ్చాయన్న సంగతి ఈ ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఇక మామూలు సిపాయి ఏ ఓడ ఎక్కాడో, ఎన్ని రోజులు నీళ్లు కొలుచుకు తాగాడో ఎవరూ రాయలేదు. ఇళ్లలో పెద్దవాళ్ల నోట మిగిలి ఉంటే ఆ మాటే ఉండాలి.

పైన చెప్పిన అంకెలు ఇక్కడ అక్కరకొస్తాయి. పాతబస్తీలో ఈ కుటుంబాల పిల్లలు నానా, దాదీలను నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ రేవులో ఎక్కారు? ఏ నెలలో? ఎన్ని రోజులు పట్టింది? తెరచాప ఓడా, పొగ ఓడా? ఏప్రిల్, మే నెలలనో సెప్టెంబర్ అనో చెప్పి, రెండు మూడు వారాలు పట్టిందంటే అది తెరచాప లెక్కకు సరిపోతుంది. జూలైలో వచ్చారంటే, వారంలోపే చేరారంటే, అది ఏడెన్ నుంచి బొంబాయికి నడిచిన పొగ ఓడ అయి ఉండాలి. రెండూ చరిత్రే, రెండూ రాసుకోవలసినవే.

ఒక నోటు పుస్తకం, ఒక సాయంత్రం చాలు. ఈ తరం అడిగి రాస్తే బార్కస్ ప్రయాణాలకు కూడా ఒక లాగ్‌బుక్ మొదలవుతుంది. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు కనుక ఆ పని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టాలి.